స్టీరింగు గొట్టంలో తెగిన తీగ

(మానవపాడులో కొత్తగా చదువు నేర్చిన పెద్దల సభలో ఒక లారీ ఎలక్ట్రీషియన్ చేసిన ప్రసంగం)



మీటింగులో మాట్లాడుమంటే నాకు భయమైంది. నాకు వచ్చింది ఒక్క వైరింగు పని. "ఆ పని గురించే చెప్పు, మన వాళ్లల్ల సగం మంది ఇండ్లల్ల డ్రైవర్లో క్లీనర్లో ఉన్నరు" అన్నడు మన కార్యకర్త. అందుకే వచ్చిన. పాత లారీ స్టీరింగు గొట్టం లోపల తీగ తెగితే ఎట్లా కనిపెట్టాలి, ఎట్లా బాగు చేయాలి, అది చెప్తా.

మనకు దగ్గరలోనే హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా బెంగళూరు పోయే పెద్ద రోడ్డు ఉంది. మనం దాన్ని ఏడో నంబరు రోడ్డు అనేవాళ్లం. 2010లో దేశంలోని రోడ్ల నంబర్లు మార్చారు. ఇప్పుడు అది 44వ నంబరు జాతీయ రహదారి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోతుంది. ఆ రోడ్డు మీద రాత్రీ పగలూ బండ్లే. మన పత్తి, మన మిరపకాయ, మన వేరుశనగ అన్నీ లారీల మీద పోయేవే.

ఇప్పుడు కొత్త కొత్త లారీలు వచ్చినయి. అయినా పాత బండ్లు పూర్తిగా పోలేదు. ఇటుకలు మోసేందుకు, నీళ్ల ట్యాంకరుగా, ఊరి చుట్టుపక్కల కిరాయిలకు అక్కడక్కడ తిరుగుతున్నయి. ముసలోళ్లు ఇంకా "బెంజి లారీ" అంటరు. ఆ పేరు ఊరికే రాలేదు. టాటా కంపెనీ 1954లో జర్మనీ దేశపు డైమ్లర్ బెంజ్ కంపెనీతో ఒప్పందం చేసుకుని లారీలు తయారుచేసింది. ఆ ఒప్పందం 15 ఏండ్లు నడిచింది. 1969లో అయిపోయింది. బండి ముందర మూడు కొమ్మల చుక్క పోయి, టాటా గుర్తు వచ్చింది. కానీ మన నోట్లో బెంజి అట్లనే ఉండిపోయింది. ఇంకోటి అశోక్ లేలాండ్. అది మద్రాసు బండి. 1948లో అశోక్ మోటార్స్ అని పెట్టారు. 1955 నుంచి అశోక్ లేలాండ్ అయింది.

సరే, అసలు సంగతికి వస్తా.

స్టీరింగు చక్రం కింద ఒక పొడుగాటి ఇనుప గొట్టం ఉంటది. దాని లోపల ఇంకో రాడ్డు ఉంటది. మనం చక్రం తిప్పితే ఆ రాడ్డు తిరుగుతది. రాడ్డు అడుగున స్టీరింగు పెట్టె ఉంటది. ఆ పెట్టె ముందు చక్రాలను తిప్పుతది. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏందంటే, ఆ గొట్టంలో నుంచే కరెంటు తీగలు కూడా పోతాయి. హారన్‌కు ఒక తీగ. సిగ్నల్ లైట్ల స్విచ్చికి మూడు తీగలు. ఒకటి కరెంటు తెచ్చేది. ఒకటి ఎడమ లైటుకు పోయేది, ఒకటి కుడి లైటుకు పోయేది.

చక్రం తిరుగుతది గదా, మరి దాని మీది హారన్ తీగ మెలిపడదా? పడుతది. బొంగరం తాడు తీరు చుట్టుకుంటది. అందుకే చాలా బండ్లలో చక్రం అడుగున ఒక రాగి కంకణం పెడతారు. ఆ కంకణం మీద ఒక చిన్న బొగ్గు ముక్క స్ప్రింగుతో ఒత్తుకుని ఉంటది. కంకణం తిరిగినా బొగ్గు ముక్క కదలదు. రెండూ రాసుకుంటూ ఉంటే కరెంటు దాటుతది. ఆ బొగ్గు ముక్క అరిగిపోయినా, కంకణానికి గ్రీజు పట్టినా హారన్ మోగదు. చానా మంది తీగ తెగిందని గొట్టం మొత్తం విప్పేస్తారు. తీరా చూస్తే బొగ్గు ముక్క అరిగి ఉంటది. కాబట్టి ముందు పైన చూడండి. మెత్తటి గుడ్డతో కంకణం తుడవండి. పని అక్కడనే అయిపోతే మంచిదే గదా.

తీగ ఎందుకు తెగుతది? ఒక సన్నటి ఇనుప తీగ తీసుకుని ఒకే చోట అటూ ఇటూ వంచి చూడండి. కొన్ని సార్లు ఓర్చుకుంటది. తర్వాత పుటుక్కున విరుగుతది. గొట్టంలో జరిగేది అదే. లారీ గుంతలల్ల ఎగిరినప్పుడల్లా తీగ ఊగుతది. గొట్టం నోటి దగ్గర, సిగ్నల్ స్విచ్చి దగ్గర, ఎక్కడైతే మలుపు ఉందో అక్కడ రోజూ రాసుకుంటది. పాత బండ్ల తీగల మీద రబ్బరు, దాని మీద నూలు అల్లిక ఉండేది. ఎండకు, ఇంజను వేడికి ఆ రబ్బరు ఎండి పెటిల్లిపోతది. మన దగ్గర ఎండాకాలం క్యాబిన్ల కూసుంటే ఎట్లుంటదో మీకు చెప్పే పని లేదు. ఇగ ఎలుకలు కొరికేది వేరే.

తీగ పూర్తిగా తెగితే ఒక తీరు, తొక్క ఊడి లోపలి రాగి బయటపడితే ఇంకో తీరు. దీన్ని మంచిగ అర్థం చేసుకోండి. చాలా పాత లారీల్లో హారన్ బటన్ చేసే పని ఒక్కటే. హారన్ తీగను బండి ఇనుముకు తగిలిస్తది. దాన్ని ఎర్తు అంటాం. బటన్ నొక్కితే ఎర్తు కలుస్తది, హారన్ మోగుతది. మరి గొట్టం లోపల తీగ తొక్క ఊడి, రాగి గొట్టానికి తగిలితే? బటన్ నొక్కినట్టే లెక్క! ఎవ్వరూ ముట్టకుండానే హారన్ మోగుతది. అర్ధరాత్రి ఊరి నడుమ ఆపిన లారీ ఒక్కసారిగ మొత్తుకుంటే దయ్యం పట్టిందని భయపడ్డోళ్లను నేను చూసిన. దయ్యం లేదు, ఏమీ లేదు. తొక్క ఊడిన తీగ.

మలుపు తిప్పినప్పుడు మాత్రమే మోగితే, చక్రం తిరిగే చోట తీగ రాసుకుంటున్నదని అర్థం. అసలుకే మోగకపోతే తెగి ఉండొచ్చు. చక్రం నిటారుగ ఉన్నప్పుడు మోగి, తిప్పినప్పుడు ఆగిపోతే, తీగ సగం తెగి ఉంది. రాగి పోగులు రెండు మూడు మిగిలి, కలుస్తున్నయి, విడిపోతున్నయి. ఇది అన్నిటికన్నా చెడ్డది. ఎందుకంటే షెడ్డులో చూపిస్తే మంచిగ మోగుతది. రోడ్డు మీద మలుపులో, మేకల మంద అడ్డం వచ్చినప్పుడు, మోగదు.

ఇప్పుడు వెదికే పద్ధతి. రాజోలిబండ కాలువ మీద చివరి పొలాలున్న రైతులు ఇక్కడ ఉంటారు. మీ పొలానికి నీళ్లు రాకపోతే ఏం చేస్తారు? గట్టు వెంబడి పైకి నడుస్తారు. ఎక్కడిదాకా నీళ్లున్నయో చూస్తారు. నీళ్లున్న చోటుకు, లేని చోటుకు నడుమనే గండి. కరెంటు కూడా అంతే. మొత్తం బండి విప్పకండి. నడుమ ఒక చోట చూడండి.

స్టీరింగు గొట్టం అడుగున హారన్ తీగ బయటికి వస్తది. అక్కడ దాన్ని విడదీయాలి. హారన్ వైపు పోయే కొసను ఒక చిన్న తీగతో బండి ఇనుముకు తగిలించాలి. ఆ చిన్న తీగ నడుమ ఒక సన్న ఫ్యూజు పెట్టుకోండి. కొన్ని బండ్లలో కనెక్షన్ వేరే రకంగా ఉంటది. అప్పుడు ఫ్యూజు కొట్టుకుంటది, బండికి నష్టం ఉండదు. తగిలించినప్పుడు హారన్ మోగిందా? అయితే హారన్ మంచిదే, ఫ్యూజు మంచిదే, బ్యాటరీ మంచిదే. జబ్బు గొట్టంలోనే ఉంది. మోగలేదా? అయితే గొట్టం జోలికి పోవద్దు. ముందు ఫ్యూజు, తర్వాత హారన్, తర్వాత రిలే చూడండి.

జబ్బు గొట్టంలోనే అని తేలింది అనుకోండి. ఇక్కడి నుంచి జాగ్రత్త. మొట్టమొదట బ్యాటరీ విప్పాలి. అది కూడా ఒక వరుస ఉంది. బాడీకి కలిపిన ఎర్తు వైరు ముందు తీయాలి. బ్యాటరీ మీద తీసివేత గుర్తు ఉంటది, చిన్న అడ్డ గీత. చాలా బండ్లలో ఎర్తు దానికే ఉంటది. అయినా వైరు బాడీకి పోతున్నదో లేదో కండ్లతో చూసుకోండి. ఎర్తు ముందు ఎందుకు తీయాలి? రెండో వైరు విప్పేటప్పుడు పానా జారి బండి ఇనుముకు తగిలితే పెద్ద మంట లేస్తది. ఎర్తు ముందే తీస్తే ఆ భయం లేదు. మళ్లీ పెట్టేటప్పుడు ఎర్తు ఆఖరికి పెట్టాలి. బండ్లలో కొన్ని 12 వోల్టులవి, కొన్ని 24 వోల్టులవి ఉంటాయి. బల్బు కొనేటప్పుడు, రిలే కొనేటప్పుడు దాని మీద రాసిన అంకె చదవండి. 12 వోల్టుల బల్బు 24 వోల్టుల బండికి పెడితే అప్పుడే మాడిపోతది.

చక్రాల కింద రాళ్లు పెట్టండి. ముందు చక్రాలు నిటారుగ ఉంచండి. స్టీరింగు చక్రం మీద, రాడ్డు మీద కలిసేటట్టు ఒక గీత గీయండి. సుద్దగీత చెరిగిపోతది. చిన్న పంచుతో చుక్క కొడితే నయం. ఈ గుర్తు లేకుంటే మళ్లీ బిగించినప్పుడు బండి నేరుగ పోతున్నా చక్రం వంకరగ ఉంటది.

నడిమి నట్టు విప్పాలి. కానీ పూర్తిగా తీయొద్దు. రెండు మూడు చుట్లు మిగిలి ఉండనీయండి. ఎందుకంటే ఏండ్ల తరబడి పట్టుకుపోయిన చక్రం పుల్లర్‌తో లాగితే ఒక్కసారిగ ఎగిరి వస్తది. నట్టు ఉంటే ఆపుతది. లేకుంటే ముందటి పండ్లు పోతాయి. సుత్తెతో రాడ్డు నెత్తిన కొట్టేటోళ్లు ఉన్నరు. వద్దు. దెబ్బంతా కింద స్టీరింగు పెట్టెకు పోతది, పైన మర చెడుతది. హారన్ బాగు చేయబోయి స్టీరింగు చెడగొట్టినట్టు అవుతది.

ఇప్పుడు టార్చి సెల్లు, టార్చి బల్బు తెచ్చుకోండి. మీటరు ఉంటే మంచిదే, లేకపోయినా పని నడుస్తది. సెల్లును, బల్బును రెండు తీగలతో కలపండి. ఒక కొస గొట్టం పైన ఉన్న హారన్ తీగకు, ఇంకో కొస కింద ఉన్న అదే తీగకు తగిలించండి. బల్బు వెలిగితే తీగ తెగలేదు. కానీ అక్కడనే ఆగిపోవద్దు. తీగను మెల్లగ అటూ ఇటూ కదపండి. బల్బు మినుకుమినుకుమంటే, అది సగం తెగిన తీగ. తర్వాత ఒక కొస తీగకు, ఇంకో కొస గొట్టానికి పెట్టండి. ఇప్పుడు బల్బు వెలగొద్దు. వెలిగిందంటే తొక్క ఊడి గొట్టానికి తగులుతున్నది.

తీగలు విప్పే ముందు చీటీలు కట్టాలి. నాలుగు చిన్న కాగితాలు. "హారన్", "కరెంటు", "ఎడమ", "కుడి" అని రాసి ఒక్కో తీగకు టేపుతో అంటించాలి. రంగు చూసి గుర్తు పెట్టుకుంటా అనుకుంటారు. పాత బండిలో రంగు నమ్మకండి. ముప్పై ఏండ్లల్ల ఎంత మంది చెయ్యి పెట్టారో, ఎవరి దగ్గర ఏ రంగు తీగ ఉంటే అది వేశారు. పైగా గ్రీజు పట్టి అన్నీ నల్లగనే ఉంటాయి.

ఈ చీటీ గురించి నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పాలంటే సిగ్గే, అయినా చెప్తా.

నేను చిన్నప్పుడు కర్నూలులో ఒక షెడ్డుల పనికి చేరిన. బడికి పోలేదు. ఒక రాత్రి ఒక లారీ వచ్చింది. సిగ్నల్ తీగలు తెగినయి. ఉస్తాద్ తీగలన్నీ విప్పి, కొత్త తీగలు లాగి, ఒక్కోదానికి చీటీ కట్టిండు. "చీటీలు చూసి కలుపు" అని నాతో చెప్పి ఇంటికి పోయిండు. నాకు చదువ రాదని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. చెప్తే పని నుంచి తీసేస్తడేమో అని భయం. ఇది ఎడమ కావచ్చు, ఇది కుడి కావచ్చు అనుకుని కలిపేసిన. లైట్లు వెలిగినయి. డ్రైవరు తొందరల ఉండె. వెనుకకు పోయి ఏ లైటు వెలుగుతున్నదో చూడలేదు. నేనూ చూడలేదు. తెల్లవారక ముందే బండి పోయింది.

ఆ లారీ అలంపూరు పోవాలి. కర్నూలు నుంచి వస్తుంటే అలంపూరు చౌరస్తా దగ్గర కుడిచేతి వైపు తిరగాలి. డ్రైవరు కుడికి సిగ్నల్ వేసిండు. వెనుక ఎడమ లైటు కొట్టుకున్నది. వెనుక వచ్చే వ్యాను డ్రైవరు ఏమనుకుంటడు? లారీ ఎడమ పక్కకు పోతున్నది, నేను కుడి నుంచి దాటిపోతా అనుకున్నడు. స్పీడుగ వచ్చిండు. సరిగ్గా అప్పుడే లారీ కుడికి తిరిగింది. క్లీనరు పిల్లగాడు చూసి కేక వేసిండు, లారీ డ్రైవరు బ్రేకు తొక్కిండు. వ్యాను లారీ మూలకు గీసుకుంటూ పోయి ఆగింది. అద్దాలు పగిలినయి. లోపల కూసున్న ఒకాయనకు మోచేయి విరిగింది. అంతతో పోయింది.

మరునాడు డ్రైవరు షెడ్డుకు వచ్చి చక్రం కింద తీగలు చూపించిండు. చీటీలు ఇంకా అట్లనే ఉన్నయి. "కుడి" అని రాసిన తీగ ఎడమ లైటు తీగకు కలిసి ఉంది. ఉస్తాద్ నన్ను కొట్టలేదు. "చీటీ రాసిచ్చిన గదరా" అన్నడు. "నాకు చదువ రాదు ఉస్తాద్" అన్న. ఆయన చానాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక సిగరెట్టు పెట్టె చింపి, దాని మీద పెద్దగ రెండు మాటలు రాసి నా చేతికిచ్చిండు. నేను మొట్టమొదట నేర్చుకున్న మాటలు అవే. అ, ఆ ల కంటే ముందు నాకు "ఎడమ", "కుడి" వచ్చినయి. మిగిలిన అక్షరాలు తర్వాత రాత్రి బడిల నేర్చుకున్న.

సరే. కొత్త తీగ ఎక్కించేది చెప్పి ముగిస్తా.

ఇండ్లల్ల గోడకు వేసే ఒంటి పోగు తీగ ఇక్కడ పనికి రాదు. అది వంగితే విరుగుతది. సన్న సన్న రాగి పోగులు చానా ఉన్న బండి తీగ కొనాలి. గొట్టం పొడుగు కంటే మూర, మూరన్నర ఎక్కువ తీసుకోండి. పాత తీగ తెగకుండ ఉంటే పని సులువు. దాని పై కొసకు కొత్త తీగను గట్టిగ కట్టి, కింది నుంచి పాతదాన్ని మెల్లగ లాగాలి. లంగాకు కొత్త నాడా ఎక్కించినట్టు. అక్కలకు ఇది నాకంటే మంచిగ తెలుసు. పాతది నడుమ తెగి ఉంటే సైకిల్ బ్రేకు తీగ తీసుకుని, దాన్ని ముందు గొట్టంల దింపి, దానికి కట్టి లాగాలి.

తెగిన చోట ముడేసి టేపు చుడితే సరిపోదా అంటారు. గొట్టం లోపల ముడి ఉండొద్దు. ఆ టేపు వేడికి జారుతది, గ్రీజుకు ఊడుతది. మళ్లీ అదే చోట తగులుతది. ఈసారి చూడటానికి కనపడదు కూడా. గొట్టంలో పై నుంచి కిందిదాకా ఒక్కటే తీగ ఉండాలి. అతుకు అవసరమైతే గొట్టం బయట, కంటికి కనపడే చోట వేయండి. మెలేసి వదిలేయకుండ సోల్డరింగు చేసి, పైన తొడుగు వేయండి. గొట్టం నోటికి రబ్బరు బుష్షు తప్పకుండ పెట్టాలి. అది రెండు రూపాయల వస్తువైనా ఐదు రూపాయల వస్తువైనా, తీగ తెగకుండ చూసేది అదే. చక్రాన్ని ఒకసారి ఎడమకు ఆఖరి దాకా, కుడికి ఆఖరి దాకా తిప్పి తీగ గుంజుకుపోతలేదని చూసిన తర్వాతనే కట్టు వేయండి.

ఫ్యూజు గురించి ఒక్క మాట. ఫ్యూజు ఊకె కొట్టుకుంటున్నదని దాని జాగల సిగరెట్టు కాగితమో, రాగి తీగో పెట్టే డ్రైవర్లు ఉన్నరు. ఫ్యూజు కొట్టుకుంటున్నదంటే ఎక్కడో తీగ ఇనుముకు తగులుతున్నది. ఫ్యూజు లేకపోతే ఆ కరెంటంతా తీగల నుంచి పోతది. తీగ ఎర్రగ కాలుతది. తొక్క కరిగి పక్క తీగలకు అంటుకుంటది. స్టీరింగు గొట్టం నుంచి పొగ వస్తది. వెనుక పత్తి బోరాలు ఉంటే ఏమైతదో ఆలోచించండి. పొగ కనపడితే నీళ్లు పోయడం కాదు, ముందు బండి ఆపి బ్యాటరీ వైరు పీకాలి. అందుకే ఆ వైరుకు సరిపోయే పానా క్యాబిన్లనే చేతికి అందేటట్టు పెట్టుకోండి.

ఇదంతా పాత బండి సంగతి. కొత్త లారీలల్ల కంప్యూటరు పెట్టెలు ఉంటాయి. వాటి తీగలకు సెల్లు, బల్బు తగిలించొద్దు. కార్లల్ల స్టీరింగు చక్రంలనే గాలి సంచి ఉంటది. తెలియకుండ విప్పితే అది ముఖం మీద పేలుతది. వాటిని నేర్చుకున్నోళ్లకే ఇవ్వండి.

అంతా బిగించినంక, బ్యాటరీ ఎర్తు పెట్టినంక, ఒక మనిషిని బండి వెనుక నిలబెట్టండి. ఎడమ వేస్తే "ఎడమ" అని, కుడి వేస్తే "కుడి" అని ఆ మనిషి కేక వేయాలి. ముందట కూడా అట్లనే. చక్రం నిటారుగ ఉంచి హారన్ కొట్టండి. ఎడమకు తిప్పి కొట్టండి, కుడికి తిప్పి కొట్టండి. నేను ఇప్పటికీ ఏ బండినీ ఈ కేక లేకుండ షెడ్డు దాటనీయను.

బయట చింతచెట్టు కింద ఒక నీళ్ల ట్యాంకరు ఆపి ఉంది. దాని హారన్ మూడు రోజుల నుంచి మోగుతలేదంట. టార్చి సెల్లు తెచ్చిన. చీటీలు రాయటానికి ఇద్దరు ముగ్గురు రాండి.